దోసె పెనం మీద గ్రిల్డ్ శాండ్‌విచ్: కరకరలాడాలంటే?

[పెనం దగ్గరి నుంచి. నెయ్యి చుయ్‌మంటోంది.]

ఆదివారం రాత్రి. మధ్యాహ్నం చేసిన బంగాళాదుంప వేపుడు కాస్త మిగిలింది. మళ్లీ అన్నం వండే ఓపిక ఎవరికీ లేదు. ఇలాంటి రోజున మా ఇంట్లో గ్రిల్డ్ శాండ్‌విచ్చే. దానికోసం మెషీన్ కొనలేదు, దోసె పెనం చాలు.

మొదటిసారి ముంబై రోడ్డు పక్క బండి మీద చేసినట్టే చేయాలనుకున్నాను. గ్రీన్ చట్నీ, ఆలూ, బీట్‌రూట్, కీరా, టమాటా అన్నీ దండిగా పెట్టేశాను. తీరా చూస్తే బ్రెడ్ ముద్దయిపోయింది. "అమ్మా, దీన్ని స్పూన్‌తో తినాలా?" అన్నాడు మావాడు.

[టమాటా చక్రాల మీద ఉప్పు. నీళ్లు ఊరుతున్నాయి.]

చూశారా, తప్పు ఈ నీళ్లది. బ్రెడ్ ఎర్రగా కాలి కమ్మటి వాసన రావాలంటే దాని పైభాగం సుమారు 140 డిగ్రీల వేడికి చేరాలి. తడి ఉన్నంతసేపూ 100 దగ్గరే ఆగిపోతుంది. అందుకే టమాటాకి ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేసి, పొడిబట్టతో అద్దండి. బ్రెడ్‌కి లోపలివైపు వెన్న పూయండి, తడి తొందరగా దిగదు. బయటివైపు మాత్రం నెయ్యి. వెన్నలో ఉండే పాల పదార్థం త్వరగా మాడుతుంది. నెయ్యి కాచినప్పుడే అది గోకుడుగా కిందికి దిగిపోతుంది కాబట్టి ఆ బాధ లేదు.

ఇక చీజ్. పనీర్ పెడితే సాగదు. నిమ్మరసంతో విరగ్గొట్టిన పాలది కదా, ఎంత వేడి చేసినా ముక్క ముక్కలానే ఉంటుంది. సాగాలంటే మోజరెల్లా. మామూలు చీజ్ స్లైస్ సాగకపోయినా చక్కగా కరుగుతుంది, నాకదే ఇష్టం.

[వేపుడు పరుస్తున్న చేయి.]

లోపల పెట్టడానికి ముందురోజు వేపుళ్లని మించినవి లేవు, అప్పటికే తడి ఆరిపోయి ఉంటాయి. అర చెంచా ఆవకాయ గుజ్జుని వెన్నలో కలిపి పూసి, పైన ఈ వేపుడు, ఆపైన చీజ్. గోంగూర పచ్చడీ, ఉల్లిపాయా కూడా బాగా కుదిరాయి. బీరకాయ కూర పెట్టి చూశాను. మీరు మాత్రం ఆ పని చేయకండి.

[పెనం మీద శాండ్‌విచ్. పైన నీళ్ల గిన్నె.]

సన్నటి సెగ మీద పెట్టి, అడుగు చదునుగా ఉన్న గిన్నెలో నీళ్లు పోసి పైన బరువు పెట్టండి. ఒక్కో వైపూ మూడు నాలుగు నిమిషాలు. మంట పెంచితే బ్రెడ్ మాడుతుంది, చీజ్ మాత్రం చల్లగానే ఉంటుంది.

దించాక ఒక్క నిమిషం ఆగి కోయండి, లేకపోతే చీజంతా కారిపోతుంది. ప్లేట్లో పడుకోబెట్టకండి, కింద ఆవిరి పట్టి మెత్తబడుతుంది. రెండు ముక్కల్నీ ఇలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి.

[కత్తి దిగుతున్న చప్పుడు.]

ఆ కరకర వినిపించిందా? ఉండండి, రెండోది పెనం మీదుంది.