దేశం చాటున సర్కారు

సభలోని పెద్దలకు, పత్రికా రంగంలోకి అడుగుపెడుతున్న పిల్లలకు నమస్కారం.

జాతీయత, రాజకీయాలు, వార్తా మాధ్యమాలు అని నాకు అంశం ఇచ్చారు. ఒక్కోదాని మీద ఒక్కో రోజంతా మాట్లాడవచ్చు. నేను మాత్రం ఒక్క ప్రశ్నే పట్టుకుంటాను. ప్రభుత్వాన్ని నిలదీసిన విలేకరి దేశానికి ద్రోహం చేసినవాడు ఎలా అవుతున్నాడు? ఈ జబ్బు ఢిల్లీలోనే ఉందా, మన ఊళ్లలోనూ ఉందా?

ముందు ఢిల్లీ సంగతి. మీడియా వన్ అని మలయాళంలో ఒక వార్తా చానల్ ఉంది. 2022 ఆరంభంలో కేంద్రం దాని ప్రసారాలు ఆపేసింది. అనుమతి పొడిగించడానికి హోంశాఖ భద్రతా క్లియరెన్సు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని చానల్‌వాళ్లు అడిగితే చెప్పలేదు. కారణాలను సీల్డ్ కవర్‌లో పెట్టి కేరళ హైకోర్టుకు చూపించారు. హైకోర్టు సరేనంది. తన మీద మోపిన నేరం ఏమిటో తెలియని మనిషి తన తరఫున ఏం వాదించుకుంటాడు చెప్పండి?

2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. తీర్పు ఇచ్చింది జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ హిమా కోహ్లీ. హిమా కోహ్లీ గారు అంతకుముందు మన తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన మనిషే. కవర్ విప్పి చూస్తే ఆ చానల్‌ది వ్యవస్థకు వ్యతిరేకమైన ధోరణి అని నిఘా నివేదికలు రాసి ఉన్నాయి. దానికి ఆధారం ఏమిటంటే పౌరసత్వ చట్టం మీద, యూఏపీఏ అనే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం మీద, ఇంకా అలాంటి విషయాల మీద చానల్ వేసిన కథనాలు. కోర్టు ఏమందో నా మాటల్లో చెబుతాను. ఒక పత్రికను వ్యవస్థకు వ్యతిరేకం అని పిలిచారంటేనే, పత్రిక ప్రభుత్వం పక్షాన ఉండాలని మీరు ముందే అనుకున్నట్టు లెక్క అంది. జాతీయ భద్రత అనే మాటను ఆధారం లేకుండా గాలిలోంచి తీసి వాడటం కుదరదంది. పత్రికల్లో చేరబోయే ప్రతి ఒక్కరూ ఆ తీర్పు చదవాలి. చానల్ గెలిచింది, సంతోషం. అయితే ఆ రోజుల్లో ఆ తెర నల్లబడటాన్ని దేశంలోని మిగతా చానళ్ల యజమానులందరూ చూశారు. వాళ్లకు చేరాల్సిన కబురు తీర్పుకంటే ముందే చేరిపోయింది.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. 1908లో బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ రాశారని తెల్లవాళ్లు రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. పరాయి పాలన కాబట్టి అప్పుడు లెక్క తేలిక. దేశం ఇటు, సర్కారు అటు. గాడిచర్ల ఎటు నిలబడ్డాడో ఆ రోజుల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

లెక్క కష్టమైంది హైదరాబాద్ సంస్థానంలో. నేను మీ ముందు ముఖ్యంగా తలుచుకోవాలనుకున్న మనిషి అక్కడివాడు, షోయబుల్లాఖాన్. మానుకోట ప్రాంతంలో పుట్టాడు. ఉర్దూలో రాసేవాడు. మందుముల నరసింగరావు గారి 'రయ్యత్' పత్రికలో పనిచేశాడు. నిజాం సర్కారు దాన్ని మూయించింది. ఆ తర్వాత బూర్గుల రామకృష్ణారావు గారి వంటివాళ్ల అండతో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక పెట్టాడు. సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని రాశాడు, రజాకార్ల దౌర్జన్యాలను పేరుపెట్టి రాశాడు. 1948 ఆగస్టులో కొందరు ముస్లిం ప్రముఖులు సంస్థానాన్ని భారత్‌లో కలపాలంటూ ఒక ప్రకటన చేస్తే దాన్ని అచ్చువేశాడు. ఆగస్టు 21 రాత్రి, ఆఫీసు నుంచి ఇంటికి వెళుతుంటే దారికాచి కాల్చారు. రాసే చేతిని నరికారు. తెల్లారేలోపు ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ రాత్రి హైదరాబాద్‌లో అధికారం చేతిలో ఉన్నవాళ్ల దృష్టిలో షోయబుల్లాఖాన్ గద్దార్. రాజ్యానికి ద్రోహి, మతానికి ద్రోహి. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. నెల తిరక్కుండానే అదే మనిషి దేశభక్తుడయ్యాడు. ఆయన రాసిన వాక్యాల్లో ఒక్క అక్షరం మారలేదు, మారింది కుర్చీలో ఉన్నవాళ్లు. అందుకే ఇవాళ టీవీలో ఎవరైనా ఒకాయన ఇంకొకాయన మీదికి వేలు చూపించి దేశద్రోహి అని అరిచినప్పుడల్లా నాకు ఆ ఆగస్టు రాత్రి గుర్తొస్తుంది. ఆ బిరుదు ఎవరిస్తున్నారో చూడకుండా దాన్ని నమ్మడం నా వల్ల కాదు.

ఇంకో మాట. ప్రతి సెప్టెంబరు 17కీ మన పార్టీలు విమోచనమా, విలీనమా, సమైక్యతా అని కొట్లాడుకుంటాయి. ఆ రోజును హిందూ ముస్లిం తగాదాగా చెప్పాలనుకునే వాళ్లు ఒక ఉర్దూ సంపాదకుడి నెత్తురు ఆ చరిత్రలో ఉందని చెప్పరు. చెప్పాల్సింది పత్రికలు. ఏడాదికొకసారి లోపలి పేజీలో నాలుగు పేరాలు వేసి మనమూ ఊరుకుంటున్నాం. ఇది నాకు చాలా బాధ.

పత్రిక అస్తిత్వాన్ని నిలబెట్టిన చరిత్ర కూడా మనకుంది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి గారు 'గోలకొండ పత్రిక' తరఫున 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చి జవాబు చెప్పారు. పేర్లు సేకరించి, ఊళ్లు కనుక్కుని, పద్యాలు తెప్పించి, అచ్చువేసి చూపించారు. అదంతా పత్రికావృత్తి చేసే పనే. అస్తిత్వం పేరుతో ఆయన ఎవరి నోరూ మూయించలేదు.

అదే అస్తిత్వం 2014లో ఏమైందో చూడండి. రాష్ట్రం వచ్చిన నెలలోనే రెండు తెలుగు వార్తా చానళ్లు తెలంగాణ కేబుల్‌లో కనిపించకుండా పోయాయి. ఒక చానల్ శాసనసభ్యుల మీద వేసిన కార్యక్రమం తెలంగాణను అవమానించిందన్నారు. ఆ కార్యక్రమం వెటకారం నాకూ నచ్చలేదు. రాష్ట్రం కోసం కన్నీళ్లు కార్చిన జనానికి అది గుచ్చుకుని ఉంటుంది. కానీ దానికి జవాబు చెప్పడానికి చట్టం ఉంది, ప్రెస్ మీట్ ఉంది, పోటీ చానళ్లు ఉన్నాయి. కేబుల్ తీగ దగ్గర ఆపేసి, ఇది ఆపరేటర్ల సొంత నిర్ణయం, మాకు సంబంధం లేదని ప్రభుత్వం అంటే ఎవరు నమ్మాలి? పదేళ్ల తర్వాత 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే అక్కడ కొన్ని చానళ్లకు అదే గతి పట్టింది. పార్టీ వేరు, రాష్ట్రం వేరు, పద్ధతి ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందున్న ప్రభుత్వం తక్కువ తిందా అంటే, వార్త తప్పనిపిస్తే పత్రికల మీద కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇస్తూ 2019లో జీవో 2430 తెచ్చింది. అందుకే మన దగ్గర ఏ పార్టీవాళ్లు పత్రికా స్వేచ్ఛ గురించి మాట్లాడినా, మీరు అధికారంలో ఉన్నప్పుడు ఏం చేశారని అడగడం మానకండి.

టీవీ గురించి ఒక్క రాత్రి చెబుతాను. 2025 మే నెల, పాకిస్తాన్‌తో ఘర్షణ నడుస్తోంది. మే 8 రాత్రి కరాచీ రేవును మన నౌకాదళం ధ్వంసం చేసిందని జాతీయ చానళ్లు కొన్ని గంటలకొద్దీ చెప్పాయి. అలాంటిదేమీ జరగలేదు. స్టూడియోల్లో సైరన్లు మోగించారు. నిజంగా దాడి జరిగిన రోజున జనం సైరన్‌ను పట్టించుకోకుండా పోతారని, కార్యక్రమాల్లో ఆ శబ్దం వాడొద్దని హోంశాఖ విభాగమే చెప్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే మన రాయలసీమలోని ఒక తండా నుంచి వెళ్లిన యువ జవాను సరిహద్దులో ప్రాణం వదిలాడు. కొడుకు సరిహద్దులో ఉన్న తల్లి ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని ఉంటే ఆమెకు కావలసింది ఏమిటి? ఏ సెక్టార్‌లో ఏం జరిగిందో నిజం కావాలి. ఆమెకు అబద్ధపు విజయం చూపించి దాన్ని దేశభక్తి అన్నారు. తర్వాత క్షమాపణ చెప్పినవాళ్లు బహు కొద్దిమంది. మర్నాడు సాయంత్రానికి మళ్లీ వాళ్లే యాంకర్లు, వాళ్లే అతిథులు.

ఇదంతా పైస్థాయి కథ. అసలు వేరు మండల కేంద్రంలో ఉంది, దాని గురించి సభల్లో ఎవరూ మాట్లాడరు. మీ ఊరి వార్త రాసేది కంట్రిబ్యూటర్. చాలామందికి జీతం లేదు. కొన్నిచోట్ల లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్త కొలత చూసి ఇచ్చే చిల్లర, అది పెట్రోలుకు చాలదు. పైగా యాడ్ టార్గెట్. జనవరి 26 వస్తోందంటే టార్గెట్, ఆగస్టు 15 వస్తోందంటే టార్గెట్. జెండా పండుగకు శుభాకాంక్షలు చెబుతున్నట్టు సర్పంచ్ ఫొటో, కాంట్రాక్టర్ ఫొటో, రేషన్ డీలర్ ఫొటో, ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్ ఫొటో వేయించి డబ్బు వసూలు చేసి పంపాలి. వాళ్లు ఇవ్వకపోతే తన జేబులోంచి కట్టాలి. ఆగస్టు 15కి కాంట్రాక్టర్ దగ్గర చేయి చాచిన కుర్రాడు ఆగస్టు 20న ఆయన వేసిన రోడ్డు గుంతల గురించి ఎలా రాస్తాడు? జాతీయ పండుగే వాడి నోటికి తాళం వేస్తోంది. ఆ కుర్రాడిని బ్లాక్‌మెయిలర్ అని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. వాడిని ఆ పనిలోకి తోసిన పద్ధతిని తిట్టినవాళ్లు తక్కువ.

డబ్బిచ్చి వార్త వేయించుకునే జాడ్యం 2009 ఎన్నికల్లో బయటపడినప్పుడు ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన తెలుగు సంపాదకుడే, కె. శ్రీనివాస్ రెడ్డి గారు. రెండోవారు పరంజయ్ గుహ ఠాకుర్తా. పత్రికల పేర్లతో సహా నివేదిక రాశారు. కౌన్సిల్ ఆ పేర్లు తీసేసి కుదించిన పాఠం విడుదల చేసింది. సమాచార హక్కు చట్టం కింద పోరాడితే, 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక పూర్తి నివేదిక వెలుగు చూసింది. పత్రికల గురించిన నిజం దాచింది పత్రికల మంచిచెడ్డలు చూడాల్సిన సంస్థే.

ఆ చట్టం మీ చేతిలోనూ ఉంది. మన రెండు ప్రభుత్వాల సమాచార పౌరసంబంధాల శాఖలు ప్రకటనలకు పెట్టే ఖర్చు మీ పన్నుల డబ్బు. పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టండి. గత ఐదేళ్లలో ఏ పత్రికకు, ఏ చానల్‌కు ఎంత ఇచ్చారో సంవత్సరాలవారీగా అడగండి. ప్రభుత్వం మారిన ఏడాది ఎవరి అంకె పెరిగిందో, ఎవరిది పడిపోయిందో చూడండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు చేయండి. పిల్లలూ, మీలో ఎవరికైనా దరఖాస్తు రాయడం కొత్తయితే సభ అయ్యాక నా దగ్గరికి రండి, ఇక్కడే కూర్చుని కలిసి రాద్దాం.