పాత సర్వర్‌కి ర్యామ్ పెంచుతున్నారా? ముందు ఆ స్టిక్కర్ చదవండి

హోస్ట్: నమస్కారం, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. కావలి, కోవూరు, ఆత్మకూరు వైపు ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునే అన్న ఈ వారం మనతో ఉన్నారు. అన్నా, సూటిగా అడుగుతా. రైస్ మిల్లు ఆఫీసు, పాత సర్వర్, పది మంది రిమోట్‌లో ట్యాలీ తెరిస్తే కదలదు. ర్యామ్ వేసేయొచ్చా?

అన్న: ఆగు అబ్బయ్యా. అందరూ పనిలో ఉన్న టైంలో విండోస్‌లోని రిసోర్స్ మానిటర్ తెరిచి చూడాలి. మెమరీ 90 శాతం దాటి దిగకపోతే ర్యామ్ చాలట్లేదన్నట్టే. మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ ఒక్కటే ఊపిరాడకుండా తిరుగుతుంటే ఎస్ఎస్‌డీ వేసుకోండి, ర్యామ్‌కి పెట్టిన డబ్బు దండగ.

హోస్ట్: సరే, ర్యామే తక్కువని తేలింది. షాపుకి వెళ్లి డీడీఆర్3 రకం ర్యామ్, 8 జీబీ ఇవ్వమంటే?

అన్న: డబ్బులు పోయేది సరిగ్గా అక్కడే. డెస్క్‌టాప్ డీడీఆర్3 కి 240 పిన్నులే, సర్వర్ దానికీ 240 పిన్నులే, కింద గాటు కూడా ఒకే చోట ఉంటుంది, కాబట్టి స్లాట్లో చక్కగా దిగుతుంది, కానీ మిషన్ లేవదు. అందుకే ఉన్న ర్యామ్ ఒకటి బయటికి తీసి స్టిక్కర్ మీద ఏముందో ఫోన్లో ఫొటో తీసుకోండి. పీసీ3ఎల్-10600ఆర్ అని ఉందనుకో. చివర ఆర్ అంటే రిజిస్టర్డ్, సిగ్నల్‌ని మధ్యలో పట్టి పంపే చిప్పు ర్యామ్ మీదే ఉన్న రకం. అక్కడ ‘ఈ’ అనే అక్షరం ఉంటే ఈసీసీ, అంటే తప్పుల్ని సరిచేసుకునే ఏర్పాటు, ఉంది కానీ రిజిస్టర్డ్ కాదు. ఈ రెండు రకాలూ ఒకే సర్వర్లో కలపకూడదు. 10600 అంటే 1333 స్పీడు. పీసీ3 పక్కన ఎల్ అంటే 1.35 వోల్టులకే పనిచేస్తుంది, అది లేకపోతే 1.5 వోల్టులు.

హోస్ట్: ఈసీసీ లేకపోతే ఏమవుతుంది?

అన్న: మామూలు ర్యామ్‌లో ఒక్కసారికి 64 బిట్లు నడుస్తాయి, ఈసీసీలో 72. ఆ అదనపు 8 బిట్లతో, ఒక బిట్ తారుమారైతే అదే సరిచేసుకుంటుంది, రెండు తప్పితే పట్టుకుని చెబుతుంది. రైతుకి ఇవ్వాల్సిన డబ్బు లెక్క ఆ మిషన్లో ఉంది కదా, అందులో ఒక అంకె మారినా ఊరుకుంటామా? సర్వర్‌కి ఈసీసీ ఉండి తీరాలి, దీంట్లో బేరం లేదు.

హోస్ట్: మరి స్లాట్లు? ఖాళీ ఉన్న చోట పెట్టేస్తే సరిపోదా?

అన్న: చాలా మంది చేసేది అదే. మన వైపు ఇంకా తిరుగుతున్న డెల్ ఆర్710 చూడు, మొత్తం 18 స్లాట్లు, ఒక్కో ప్రాసెసర్‌కి తొమ్మిది, అవి మూడు ఛానెళ్లు, అంటే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య డేటా నడిచే మూడు దారులు. రెండో ప్రాసెసర్ లేకపోతే దాని వైపు తొమ్మిదీ ఉత్తవే. ప్రతి ఛానెల్లో మొదటి స్లాట్‌కి తెల్ల క్లిప్పు ఉంటుంది, ముందు అవి నింపాలి, అదీ రెండు ప్రాసెసర్లకీ సమానంగా. ఎక్కువ జీబీ కోసం ఛానెల్‌కి మూడేసి పెడితే స్పీడు 800 కి పడిపోతుంది. అందుకే నేను చిన్న ముక్కలు ఎక్కువ కాకుండా పెద్ద ముక్కలు తక్కువ పెట్టమంటాను. వేరే మోడల్ అయితే మూత లోపలి వైపు ఏది ఎక్కడో బొమ్మ అంటించి ఉంటుంది, దాన్నే నమ్మండి.

హోస్ట్: పెట్టేటప్పుడు?

అన్న: సర్వర్‌కి పవర్ సప్లైలు రెండుంటాయి, రెండు వైర్లూ పీకాలి, ఒక్కటి మర్చిపోయినా బోర్డుకి కరెంటు వస్తూనే ఉంటుంది. మిల్లుల దగ్గర మూత తీస్తే తవుడు దుమ్ము మెత్తగా పేరుకుని కనిపిస్తుంది. ముందు బ్లోయర్‌తో అదంతా ఊదేయాలి, తర్వాతే ర్యామ్ ముట్టుకోవాలి, లేదంటే ఆ దుమ్మంతా ఖాళీ స్లాట్లో పడుతుంది. చేత్తో ఛాసిస్ ఇనుము ముట్టుకుని, ముక్కని అంచులు పట్టుకుని, రెండు చివర్లా ఒకేసారి నొక్కితే క్లిప్పులు టక్కున వాటంతటవే లేచి పట్టుకుంటాయి. ఆన్ చేశాక మొదటిసారి స్క్రీన్ రావడానికి చాలాసేపు పడుతుంది, టెన్షన్ పడి ఆపేయకండి. ఆ రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ నడిపి, ఎర్రర్ ఒక్కటీ రాకపోతేనే పొద్దున ఆఫీసుకి అప్పగించాలి.

హోస్ట్: ఇంకేమైనా చూసుకోవాలా అన్నా?

అన్న: కొనక ముందే చూడాల్సింది ఒకటుంది, విండోస్ ఏ వెర్షనో. సర్వర్ 2008 ఆర్2 స్టాండర్డ్ అయితే 32 జీబీ దాటి వాడుకోదు. 64 పెట్టినా 32 కే ఆగిపోతుంది. అలాంటప్పుడు ముందు విండోస్ మార్చే ఖర్చు లెక్కేసుకుని, ఆ తర్వాతే ర్యామ్ ఆర్డర్ పెట్టండి.