రోమన్ శిరస్త్రాణం: నమూనా పక్కన రాసిన కాలానికి ఆధారం ఏమిటి?

నమస్కారం. రోమన్ సైనికుల శిరస్త్రాణాల నమూనాలు ఇప్పుడు ఆన్‌లైన్ దుకాణాల్లో సులువుగానే దొరుకుతున్నాయి. వాటి పక్కన "ఇంపీరియల్ గాలిక్ జి, క్రీస్తు శకం ఒకటవ శతాబ్దం" అన్నట్టుగా ఒక పేరూ ఒక కాలమూ రాసి ఉంటాయి. చూడగానే అదేదో తేలిపోయిన విషయమే అనిపిస్తుంది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది, ఆ కాలాన్ని దేని మీద ఆధారపడి చెప్పారు, చేతికొచ్చిన నమూనా ఆ పేరుకూ కాలానికీ ఎంతవరకు సరిపోతుంది అన్నది ఈ వీడియోలో పరిశీలిద్దాం.

ముందు పేర్ల సంగతి. ఈ గాలిక్, ఇటాలిక్ విభజన, ఎ, బి, సి అనే అక్షరాల వరుస లండన్ టవర్‌లోని ఆయుధశాలలో పనిచేసిన హెచ్. రసెల్ రాబిన్సన్ 1975లో ప్రచురించిన పరిశోధన గ్రంథం వల్ల వాడుకలోకి వచ్చాయి. జర్మన్ పండితులు ఎక్కువగా దొరికిన ఊరి పేరుతోనే రకాన్ని పిలుస్తారు కాబట్టి, రాబిన్సన్ "ఇంపీరియల్" అన్న వాటిలో చాలా భాగం వారి లెక్కలో "వైజెనౌ" రకం అవుతాయి. వైజెనౌ అంటే జర్మనీలోని మైంజ్ నగరంలో ఒక ప్రాంతం. రాబిన్సన్ పద్ధతి కొనేవారికీ అమ్మేవారికీ ఎంతో వీలుగా ఉంది, అందుకే నమూనాల వ్యాపారమంతా దాన్నే పట్టుకుంది. అయితే ఆ అక్షరాలు ఆకారాన్ని బట్టి వేసిన గుర్తులే తప్ప సంవత్సరాలు కావు. పైగా కొన్ని అక్షరాల వెనుక ఉన్నది ఒకటో రెండో శిరస్త్రాణాలు మాత్రమే. "జి" తర్వాత "హెచ్" వస్తుంది గనుక అది పదేళ్ల తర్వాతిదని అనుకోవడానికి వీల్లేదు.

ఆకారం ఎలా మారుతూ వచ్చిందో తెలియాలంటే రోమ్ గణతంత్ర కాలానికి వెళ్లాలి. ఇటలీలోని మార్కె ప్రాంతంలో మోంటెఫోర్తినో అనే చోట శ్మశానవాటికలో బయటపడిన శిరస్త్రాణాల పేరు మీదుగా పిలిచే రకం క్రీ.పూ. 4వ శతాబ్దం నుంచి క్రీ.శ. 1వ శతాబ్దం వరకు వాడుకలో ఉంది. తలను కప్పే కంచు డిప్ప, దాని కొసన డిప్పతో పాటే ఒకే లోహంగా చేసిన బొడిపె, వెనుక చిన్న మెడ రేకు, రెండు వైపులా మడతబందులకు వేలాడే చెంప రేకులు, ఇవే దాని భాగాలు. ఆ బొడిపెలో చాలాసార్లు సీసం పోసి, తురాయి నిలబడడానికి వీలుగా అందులో సన్నని రంధ్రం ఉంచేవారు. క్రీ.పూ. 2వ శతాబ్దపు చరిత్రకారుడు పోలిబియస్ రోమన్ సైనికుడు తలపై మూర ఎత్తున మూడు ఈకలు, ఊదా రంగువో నల్లవో, నిటారుగా పెట్టుకునేవాడని రాశాడు. అంటే నమూనాలన్నింటి మీదా కనిపించే ఎర్రటి గుర్రపు వెంట్రుకల తురాయి ఈ తొలి కాలానికి అంతగా పొసగదు.

తర్వాతిది ఫ్రాన్స్‌లోని కూల్ అనే ఊరి పేరుతో ప్రసిద్ధమైన కూలుస్ రకం. డిప్ప గుండ్రబడింది, మెడ రేకు వెడల్పయింది, నుదుటికి అడ్డంగా ఒక బలమైన పట్టీ వచ్చింది. పైనుంచి పడే కత్తి దెబ్బ ముఖం మీదికి జారకుండా ఆ పట్టీ అడ్డుకునేది.

సీజర్ గాల్ దేశంపై (దాదాపు నేటి ఫ్రాన్స్, "గాలిక్" అన్న పేరు దాని నుంచే) చేసిన యుద్ధాలు క్రీ.పూ. 58లో మొదలయ్యాయి. ఆ దేశపు కమ్మరులు అప్పటికే ఇనుప శిరస్త్రాణాలు చేయడంలో సిద్ధహస్తులు. వారి పనితనమే తర్వాత సామ్రాజ్య కాలపు ఇనుప శిరస్త్రాణానికి పునాది అయింది. తెర మీద కనిపిస్తున్న బొమ్మను కాస్త నిదానంగా చూడండి. ముందు భాగంలో డిప్ప మీదే ఉబ్బెత్తుగా తీర్చిన రెండు కనుబొమ్మలు ఉన్నాయి. ఇది గాలిక్ వర్గానికి ముఖ్యమైన గుర్తు, ఇటాలిక్ అని పిలిచే వాటిలో ఈ కనుబొమ్మలు ఉండవు. వెనుక, మెడ మీద డిప్ప కిందికి దిగే చోట, అడ్డంగా సాగిన గట్లు ఉన్నాయి. అవి రేకును బిగువుగా ఉంచడానికి. చెవుల దగ్గర డిప్పను కోసి, ఆ కోత మీద గొడుగులా బయటికి వంగిన చిన్న రేకు అమర్చారు, ఎందుకంటే ఆజ్ఞ వినబడని సైనికుడితో సేనాధిపతికి పనిలేదు. చెంప రేకుకు కంటి దగ్గర, నోటి దగ్గర ఒంపులు తీసి, కింది అంచును బయటికి మడిచారు. ఇనుము మీద అక్కడక్కడా ఇత్తడి పువ్వులు, వాటి నడుమ కొన్నిసార్లు ఎర్రటి ఎనామిల్ ఉంటాయి. కాలం గడిచే కొద్దీ మెడ రేకు మరింత వెడల్పుగా, మరింత కిందికి దిగుతూ వచ్చిందన్నది స్థూలంగా నిజమే గానీ, ఒక్క శిరస్త్రాణాన్ని చేతిలోకి తీసుకుని మెడ రేకు కొలిచి సంవత్సరం చెప్పేయడం కుదరదు.

మరి సంవత్సరం ఎలా తెలుస్తుంది? మైంజ్‌లో దొరికిన ఒక శిరస్త్రాణం దీనికి చక్కటి ఉదాహరణ. దాని మీద యజమాని పేరు, లూసియస్ లుక్రేషియస్ సెలెర్, మొదటి అడ్యూట్రిక్స్ దళం అని చెక్కి ఉంది. ఆ దళాన్ని క్రీ.శ. 68లో ఏర్పాటు చేశారు. అది మైంజ్‌లో మకాం వేసింది 70 నుంచి 86 వరకు. కాబట్టి ఆ సైనికుడు అక్కడ దాన్ని పోగొట్టుకున్నది దాదాపుగా ఆ పదహారేళ్లలోనే అని చెప్పవచ్చు. రాబిన్సన్ "గాలిక్ ఐ" అనే అక్షరానికి కాలం ఇచ్చినది లోహమూ కాదు, ఆకారమూ కాదు, గుచ్చిన ఆ నాలుగు మాటలు. అలాగే తొలి చక్రవర్తి అగస్టస్ కాలపు శిబిరాలలో జర్మనీలోని ఓబెరాడెన్ క్రీ.పూ. 11 నుంచి 8 వరకే వాడుకలో ఉంది గనుక, జర్మనీలోని ట్యూటోబర్గ్ అడవిలో మూడు రోమన్ దళాలు నాశనమైనది క్రీ.శ. 9లో అని తెలుసు గనుక, అటువంటి చోట్ల దొరికిన వస్తువుకు కాలం గట్టిగా నిలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనకు తెలిసేది వస్తువు పోయిన కాలం, తయారైన కాలం కాదు. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక కూలుస్ శిరస్త్రాణం మెడ రేకు మీద నలుగురు సైనికుల పేర్లు చుక్కలుగా గుచ్చి ఉన్నాయి. ఒకటవ శతాబ్దంలో లీజియన్ (రోమన్ల ప్రధాన సైనిక దళం) సైనికుడి కొలువు ఇరవై, ఇరవై ఐదేళ్లు సాగేది. నలుగురూ పూర్తి కొలువు చేశారని అనుకోనక్కర్లేదు. కొందరు చచ్చిపోయి ఉంటారు, కొందరు అమ్మేసి ఉంటారు. అయినా తాత కాలంలో చేసిన శిరస్త్రాణం మనవడి తరం సైనికుడి నెత్తిన ఉండే అవకాశం ఇందులో కళ్లకు కడుతోంది. పాత రకమూ కొత్త రకమూ ఒకే వరుసలో పక్కపక్కన నిలబడి ఉంటాయి. చరిత్ర పునఃప్రదర్శనలు చేసే బృందాలు అందరికీ ఒకే అచ్చు శిరస్త్రాణాలు పెట్టించుకోవడం చూపుకు బాగుంటుంది గానీ, నా దృష్టిలో అది ఆధునిక సైన్యాల యూనిఫారం అలవాటును వెనక్కి తీసుకెళ్లి రోమన్లకు అంటగట్టడమే.

ఇంకో ఇబ్బంది నదులు. రైన్, వాల్ వంటి నదుల అడుగున పూడిక తీస్తున్నప్పుడు ఎన్నో మంచి శిరస్త్రాణాలు బయటికి వచ్చాయి. నీటి అడుగు మట్టిలో ఇత్తడీ ఇనుమూ బాగా నిలిచాయి, కానీ వాటితో పాటు నాణెమో కుండపెంకో ఏ పొరలో ఉందన్న ఆధారం ఉండదు. వీటికి ఇచ్చే కాలమంతా సాటి వస్తువులతో పోల్చి చెప్పినదే.

అసలు చర్చంతా రేగేది డిప్ప మీద అడ్డదిడ్డంగా వేసిన ఇనుప పట్టీల దగ్గర. ట్రాజన్ చక్రవర్తి నేటి రుమేనియా ప్రాంతపు డేసియన్లతో క్రీ.శ. 101–102లోనూ, 105–106లోనూ యుద్ధాలు చేశాడు. డేసియన్ల వంపు కత్తి పైనుంచి పడితే డిప్ప చీలిపోయేదని, అందుకే రెండు పట్టీలను శిలువ ఆకారంలో డిప్ప మీద బిగించారని సాధారణంగా చెబుతారు. రుమేనియాలోని బెర్జోవియాలో దొరికిన శిరస్త్రాణం మీద ఈ పట్టీలు మొదట్లో లేకుండా, తర్వాత తగిలించినట్టుగా ఉండడం ఈ వాదానికి బలం. హెబ్రోన్ ప్రాంతంలో దొరికి ఇప్పుడు జెరూసలెంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్న శిరస్త్రాణంలో మాత్రం ఆ పట్టీలు ముందునుంచీ రూపకల్పనలో భాగమే. వాటి మధ్య ఖాళీల్లో ఇత్తడి నెలవంకలు అమర్చారు. దాన్ని రోమ్ మీద యూదులు చేసిన 132–135 నాటి బార్ కొఖ్బా తిరుగుబాటు కాలంతో ముడిపెడతారు. వంపు కత్తి కథ నమ్మదగినదే, అయితే అదొక్కటే కారణమని రాసిపెట్టిన రోమన్ రచయిత ఎవరూ లేరు. నమూనా కొనేవారికి ఇందులో పనికొచ్చే సూత్రం ఒకటుంది: శిలువ పట్టీలు ఉన్న శిరస్త్రాణంతో బ్రిటన్ మీద క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 43లో చేసిన దండయాత్రకు వేషం కట్టకూడదు. అది రెండు తరాలు ముందుకు పోయినట్టే.

రెండవ శతాబ్దం చివర, మూడవ శతాబ్దంలో వచ్చిన నీడెర్‌బీబర్ రకం ముఖాన్ని దాదాపు పూర్తిగా మూసేస్తుంది; చెవులు కూడా లోపలే. ఆ తర్వాత మొత్తం పద్ధతే మారింది. ఒకే రేకును కొట్టి కొట్టి డిప్పగా లేపడం మానేసి, రెండు సగాలనో నాలుగు ముక్కలనో నడి నెత్తిన ఒక వెన్ను పట్టీతో రివెట్లు వేసి కలిపారు. హంగరీలోని ఇంటర్సిసా, సెర్బియాలోని బెర్కాసోవో వీటికి పేరుమోసిన చోట్లు. ఇంతకు ముందు అనుభవజ్ఞుడైన పనివాడు చేయాల్సిన వస్తువు ఇప్పుడు ప్రభుత్వ కర్మాగారాలలో విడి భాగాలుగా తయారవుతోంది. నాణ్యత పడిపోయిందని చాలామంది అంటారు. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది, ఎందుకంటే ఆ డిప్పల మీద తొడిగిన వెండి బంగారు పూతలు చూస్తే పొదుపు జాడ కనబడదు. 1910లో నెదర్లాండ్స్‌లోని డ్యూర్న్ దగ్గర పీట్ బురద తవ్వుతున్న కూలీకి అలాంటి బంగారు పూత వెండి తొడుగు దొరికింది. దాని మీద "స్టాబ్లెసియా" అనే ఆశ్విక దళం పేరు ఉంది. వెంట దొరికిన నాణేలలో చివరివి 319–320 నాటివి. కాబట్టి అది బురదలో పడింది 319 తర్వాతే. కాలనిర్ణయం ఇంత సాఫీగా కుదరడం అరుదు. ప్రస్తుతం అది లైడెన్ పురావస్తు మ్యూజియంలో ఉంది.

ఇక నమూనాల విషయానికి వద్దాం. ప్రపంచమంతటా అమ్ముడయ్యే రోమన్ శిరస్త్రాణాలలో పెద్ద భాగం మన దేశంలోనే, ముఖ్యంగా ఉత్తరప్రదేశ్‌లోని మీరట్, దాని చుట్టుపక్కల తయారవుతున్నదే. అక్కడి పనివారు చేసే వాటిలో మంచివీ ఉన్నాయి, చౌకబారువీ ఉన్నాయి. తేడా తెలుసుకోవాలంటే డిప్పను తిరగేసి లోపలి వైపు చూడాలి. చౌక నమూనాలో రెండు సగాలను వెల్డింగ్ చేసి కలిపి, బయట అతుకును అరగదీసి మెరుగు పెడతారు; లోపల ఆ గీత వేలికి తగులుతుంది. అసలైన ఒకటవ శతాబ్దపు ఇనుప డిప్పను ఒకే రేకుతో సుత్తితో లేపారు కాబట్టి అందులో మందం ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉంటుంది. నమూనాలో ఎక్కడ పట్టుకున్నా అదే 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. ఇక లోపల తోలు పట్టీలతో కట్టిన ఊయల లాంటి అస్తరు ఉంటుంది. అది ఆధునిక సైనిక హెల్మెట్ల పద్ధతి. రోమన్లు ఉన్ని, నార వంటి మెత్తటి సరుకునే లోపల పెట్టుకున్నారని అనుకోవడం సబబు.

రెండో లోపం సైజు. పెద్ద తలలకూ సరిపడాలని నమూనాలను పెద్దగా చేస్తారు, దాంతో కనుబొమ్మలు నుదుటికి పైకి జరిగిపోయి, చెంప రేకులు దవడకు దూరంగా ఊగుతాయి. మూడోది అలంకారం: ఒక శిరస్త్రాణం మీది పువ్వులు, మరొకదాని తురాయి కొక్కెం, ఇంకోదాని మెడ రేకు కలిపేసి ఒక పేరు తగిలించేస్తారు. సెంచూరియన్ (రోమన్ దళంలో ఒక అధికారి) పేరుతో అమ్మే అడ్డ తురాయికి మాత్రం ఆధారం ఉంది. ఆస్ట్రియాలోని కార్నుంటుమ్‌లో దొరికిన టైటస్ కాలిడియస్ సెవెరస్ సమాధి రాయి మీద అడ్డ తురాయి ఉన్న శిరస్త్రాణం చెక్కి ఉంది. ఏ నమూనా కొన్నా "ఇది ఏ మ్యూజియంలోని ఏ వస్తువుకు నకలు?" అని అమ్మేవారిని ఒక్క ప్రశ్న అడగండి. ఊరి పేరు చెప్పగలిగితే ఆ పనివాడు ఫొటోలైనా చూసి చేశాడని అర్థం.

చివరగా, పాతవిలా కనిపించేలా చేసి అమ్మే నమూనాల గురించి ఒక మాట. ఆమ్లం పూసి, మట్టిలో పాతి, పచ్చటి పూత రప్పించి పురాతన వస్తువని అంటగట్టే వారికి కొదవ లేదు. ఇలాంటి చోట ఎక్స్-రే పరికరంతో లోహాన్ని పరీక్షించడం దారి చూపుతుంది. రోమన్లు రాగిని యశద (జింక్) ఖనిజంతో కలిపి మూసలో వేడి చేసి ఇత్తడి తీసేవారు. ఆ పద్ధతిలో యశదం సుమారు 28 శాతాన్ని మించడం కష్టం. నేటి మార్కెట్ ఇత్తడి రేకులో అది 30 నుంచి 37 శాతం దాకా ఉండడం మామూలే. ఇనుము విషయంలో, పాత కొలిమి ఇనుములో చిట్టెం (కరిగించేటప్పుడు మిగిలే మలినం) చారలు సాగి ఉంటాయి. కర్మాగారపు ఉక్కు రేకులో అవి కనబడవు. మీరు కొన్న నమూనా నిజాయితీగా నమూనాగానే ఉండాలంటే, తయారైన సంవత్సరాన్ని మెడ రేకు లోపలి వైపు చెక్కించుకోండి. దాని మీద ఏ పనివాడైనా రెండు నిమిషాల్లో ఆ అంకెలు గుచ్చి ఇస్తాడు.