అమెరికా విమానంలో పదహారు గంటలు: ఒంటికి చేసుకోవాల్సిన ఏర్పాట్లు

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు అమెరికా ప్రయాణంలో ఉంటారు. కొడుకు దగ్గరికో, కూతురి పురిటికో వెళ్లే అమ్మానాన్నలే ఎక్కువ. నెల ముందునుంచే ఇల్లంతా సూట్‌కేసుల చుట్టూ తిరుగుతుంది. పచ్చళ్లు, పొడులు, పెట్టె 23 కిలోలు దాటిందా లేదా అని తూకాలు. అన్ని గంటలు మడిచి కూర్చోవాల్సిన మోకాళ్ల గురించి, వేళ తప్పబోయే మాత్రల గురించి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే ఇవాళ సామాను సంగతి కొంచెం, ఒంటి సంగతి ఎక్కువ చెప్పుకుందాం.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు మొదటిసారి నేరుగా విమానం నడిపింది. పైలట్లందరూ మహిళలే. ఉత్తర ధ్రువం మీదుగా, దాదాపు 14,000 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా వచ్చారు. మనం గల్ఫ్‌లో విమానం మారి వెళ్లినా, అక్కణ్నుంచి అమెరికాకు ఒక్క అంచే 14 నుంచి 16 గంటలు పడుతుంది.

ఇంతసేపు మనం ఉండే గాలి ఎలాంటిది? విమానం 35,000 అడుగుల పైన ఎగురుతున్నా, లోపలి గాలి ఒత్తిడిని 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండేంతకు సరిచేస్తారు. అంటే బయల్దేరినప్పటినుంచీ దిగేదాకా ఊటీలో కూర్చున్నట్టే. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ తేడా పెద్దగా తెలియదు. గుండెజబ్బు, ఆస్తమా, బాగా రక్తహీనత ఉన్నవారికి తెలుస్తుంది. నాలుగు మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి టికెట్ కొనకముందే డాక్టర్‌ను కలవాలి. ఈ మధ్యే ఆపరేషన్ అయినవారూ అంతే. ఒత్తిడి తగ్గినప్పుడు కడుపులో ఉన్న గాలి మూడో వంతు దాకా ఉబ్బుతుంది కాబట్టి, బయల్దేరే రోజు శనగలు, రాజ్మా, కూల్‌డ్రింకులు మానేయడం మంచిది. ఇక తేమ 20 శాతం లోపే. కళ్లు మండుతాయి, పెదాలు పగులుతాయి, గొంతు పిడచకట్టుకుపోతుంది. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం కాళ్లు. పిక్క కండరం కదిలినప్పుడల్లా కాలిలోని రక్తాన్ని గుండె వైపు పైకి తోస్తుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది. పైగా కుర్చీ అంచు తొడ వెనక నొక్కుతూ ఉంటుంది. రక్తం కిందే నిలిచిపోయి, పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాస్తాయి. ఆ వాపు ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. భయపడాల్సింది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో ఈ ప్రమాదం సుమారు రెండింతలవుతుంది. ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6,000 మందిలో ఒకరికి వస్తుంది. అంటే అరుదే. కానీ ఇంతకుముందు ఒకసారి గడ్డకట్టినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు, హార్మోన్ మాత్రలు వాడేవారు, బాగా బరువున్నవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇలాంటివారికి డాక్టర్లు మోకాలి కింది దాకా వచ్చే కంప్రెషన్ సాక్స్ చెబుతారు. చీలమండ దగ్గర బిగువు ఎక్కువగా, పైకి వచ్చేకొద్దీ తక్కువగా ఉండేవి, బీపీ కొలిచే లెక్కలో 15 నుంచి 30 ఎంఎం బిగువువి. పొద్దున్నే, కాళ్లు వాయకముందు చీలమండ చుట్టూ, పిక్క చుట్టూ టేపుతో కొలిపించి ఆ సైజు తీసుకోవాలి. అందాజుగా కొన్నవి పైఅంచు దగ్గర మడతపడి, మోకాలి కింద తాడు కట్టినట్టు బిగుస్తాయి. అప్పుడు మేలు పోయి కీడవుతుంది. ఒకరోజు ఇంట్లో వేసుకుని చూసి, ప్రయాణం రోజు ఇంటి దగ్గరే తొడుక్కుని బయల్దేరాలి. మధుమేహం వల్ల కాళ్లకు రక్తప్రసరణ తగ్గినవారు, పాదాల్లో తిమ్మిరి ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. గడ్డకట్టకుండా ఉంటుందని ఎవరో చెప్పారని సొంతంగా ఆస్పిరిన్ మింగడం కూడా వద్దు.

సాక్స్ ఉన్నా లేకున్నా కదలిక మాత్రం అందరికీ కావాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, కూర్చున్నచోటే మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకెత్తండి, తర్వాత వేళ్లు ఆనించి మడమలు ఎత్తండి. ఇలా 20, 30 సార్లు. రెండు గంటలకోసారి లేచి, విమానం చివరిదాకా నడిచి రండి. ముందు సీటు కింద బ్యాగులు కుక్కితే కాళ్లు చాపే చోటు పోతుంది, వాటిని పైన పెట్టేయండి. అన్నిటికంటే చేయకూడని పని నిద్రమాత్ర వేసుకుని ఎనిమిది గంటలు మెడ వాల్చి పడి ఉండటం.

మందుల సంగతి పెట్టెలు సర్దకముందే తేల్చుకోవాలి. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలన్నీ చేతిబ్యాగులోనే ఉండాలి. పెద్ద పెట్టె వేరే ఊరికి వెళ్లిపోయినా మీ మందులు మీతో ఉంటాయి. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో అసలు పెట్టొద్దు. సామాను అరలో చలికి గడ్డకడితే అది పనిచేయదు. ఇన్సులిన్ తీసుకునేవారు రెండు మూడు వారాల ముందే డాక్టర్‌కు విమానం వేళలు చూపించి, ఏ డోసు ఎప్పుడు వేసుకోవాలో కాగితం మీద రాయించుకోవాలి. పశ్చిమానికి వెళ్తే రోజు సాగుతుంది, తూర్పుకు వస్తే కురచవుతుంది, పాత లెక్క అక్కడ పనికిరాదు. భోజనం ట్రే కళ్ల ముందుకు వచ్చాకే ఇన్సులిన్ వేసుకోండి, ఎందుకంటే గాలి కుదుపులు మొదలైతే వడ్డన ఆగిపోతుంది. జేబులో గ్లూకోజ్ బిళ్లలో, నాలుగు చక్కెర పొట్లాలో ఉండాలి. ప్రిస్క్రిప్షన్‌లో కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరూ రాయించండి. మన పారాసిటమాల్ అమెరికాలో అసిటమినోఫెన్ పేరుతో దొరుకుతుంది.

గల్ఫ్‌లో మారేవారు ఇంకోటి చూసుకోవాలి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్ర అక్కడ నియంత్రిత మందులు. మసాలాకని అమ్మ పొట్లం కట్టి ఇచ్చిన గసగసాలు కూడా యూఏఈలో నిషిద్ధం. అవి ఇంట్లోనే ఉంచేయండి. ఎండుకొబ్బరి తేలిగ్గా అంటుకునే వస్తువుల కింద లెక్క, దాన్నీ తీసేయండి. నెయ్యి, ఆవకాయ చేతిబ్యాగులో వద్దు. 100 మిల్లీలీటర్లు దాటిన జారుడు పదార్థం ఏదైనా సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది. పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్లు, తాజా పండ్లు అమెరికా లోపలికి రానివ్వరు. దిగాక తిండి పదార్థాలు ఉన్నాయని చెప్పేస్తే, పనికిరానివి తీసుకుని పంపేస్తారు. దాచి దొరికిపోతే జరిమానా. పవర్ బ్యాంకు మాత్రం తప్పనిసరిగా చేతిబ్యాగులోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్ల చుట్టూ వస్తుంది, 100 దాకా అనుమతి ఉంది. విమానం ఎక్కాక దాన్ని బ్యాగులోంచి తీసి, పైన అరలో పెట్టకుండా కంటికి కనిపించేచోట ఉంచుకోండి, మంటలు వస్తే వెంటనే తెలియాలి.

టికెట్ కొన్నరోజే చేయాల్సినవి మూడు. మోకాళ్ల నొప్పులు, షుగర్ ఉన్నవారికి నడవ పక్క సీటు తీసుకోండి. కిటికీ పక్కన కూర్చున్న పెద్దవాళ్లు పక్కవాళ్లను లేపాలన్న మొహమాటంతో నీళ్లు తాగడమే మానేస్తారు. రెండోది భోజనం. హిందూ శాకాహార భోజనానికి ఏవీఎంఎల్, షుగర్ ఉన్నవారి భోజనానికి డీబీఎంఎల్ అని కోడ్‌లుంటాయి. కనీసం 24 గంటల ముందు, కొన్ని సంస్థల్లో ఇంకా ముందు చెప్పాలి. విమానంలో అడిగితే దొరకవు. మూడోది చక్రాల కుర్చీ. నిజంగా నడవలేనివారికి విమానం మారేచోట కూడా కావాలని ముందే రాయించండి. బెంగళూరులో మాత్రమే రాయిస్తే, మధ్యలో దిగినచోట కిలోమీటరు నడక మిగులుతుంది.

తారీకు దగ్గర చాలామంది పొరబడతారు. మన దగ్గర్నుంచి విదేశాలకు వెళ్లే విమానాలు చాలావరకూ నడిరాత్రి దాటాకే. టికెట్ మీద 15వ తేదీ 2 గంటల 30 నిమిషాలు అని ఉంటే, ఇంటినుంచి బయల్దేరాల్సింది 14వ తేదీ సాయంత్రమే. 15న రాత్రి కదా అనుకుని నింపాదిగా కూర్చుంటే విమానం ఆ తెల్లవారకముందే వెళ్లిపోయి ఉంటుంది. సాయంత్రం హెబ్బాళ దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవరూ ముందే చెప్పలేరు. విమానానికి నాలుగు గంటల ముందు దేవనహళ్లి విమానాశ్రయంలో ఉండేలా లెక్కేసుకోండి. అంతర్జాతీయ విమానాలకు రెండో టెర్మినల్ అని డ్రైవర్‌కు ముందే చెప్పండి.

విమానం ఎక్కగానే గడియారాన్ని చేరబోయే ఊరి టైముకు మార్చండి. అక్కడ రాత్రి అయితే కళ్లకు గంతలు కట్టుకుని నిద్రపోవడానికి చూడండి. సీటు బెల్టు దుప్పటి మీదనుంచి పెట్టుకోండి, లేకపోతే కుదుపులొచ్చిన ప్రతిసారీ బెల్టు పెట్టుకున్నారో లేదో చూడటానికి సిబ్బంది లేపుతారు. చాలా విమానాల్లో నడవ వైపు చేతివాలు కూడా పైకి లేస్తుంది. దాని కింద, వెనక అతుకు దగ్గర వేలితో తడిమితే చిన్న బొత్తాం తగులుతుంది. అది నొక్కి ఎత్తితే మోకాళ్లు వంగనివారు పక్కకు తిరిగి సులువుగా లేవగలుగుతారు. బాత్‌రూమ్ తలుపు మధ్యలో మడత ఉంటే, గడియ కోసం వెతక్కుండా ఆ మడత దగ్గర లోపలికి తొయ్యాలి. గొళ్లెం పెడితేనే లోపల లైటు పూర్తిగా వెలుగుతుంది. ఫ్లష్ చప్పుడు తుపాకీ పేలినంత ఉంటుంది, మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు ముందే చెప్పి పంపండి. నీళ్లు గంటకో చిన్న గ్లాసు చొప్పున తాగుతుండాలి, మద్యం జోలికి పోవద్దు. దిగడానికి అరగంట ముందునుంచి మెలకువగా ఉండి గుటకలు మింగుతుండాలి. నిద్రలో ఉంటే మింగడం తగ్గి చెవులు పట్టేస్తాయి. పసిపిల్లలకు ఆ సమయంలో పాలు పట్టండి.

వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కోకు, మనకు పన్నెండున్నర గంటల తేడా. అంటే పగలు రాత్రి, రాత్రి పగలు. ఒంటి గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది, కాబట్టి మొదటి వారం మధ్యాహ్నం మగతా, నడిరాత్రి మెలకువా సహజమే. పొద్దున్నే ఆరుబయట ఎండలో అరగంట నడవండి, పగలు పడుకుంటే అరగంటకు అలారం పెట్టుకోండి, మొదటి రెండు రోజులు కారు నడపొద్దు. నిద్రవేళ సర్దుకోవడానికి మెలటోనిన్ అనే హార్మోన్ మాత్ర వాడాలనుకుంటే తక్కువ మోతాదులో, అక్కడి పడక వేళకు, డాక్టర్‌ను అడిగాకే.

దిగాక కొన్ని వారాలపాటు ఒక సంగతి గమనిస్తూ ఉండాలి. రెండు పాదాలూ సమానంగా వాస్తే అది కూర్చోవడం వల్ల వచ్చిన వాపు. ఒక్క కాలే వాచి, పిక్క పట్టుకుంటే నొప్పిగా, వేడిగా ఉంటే, లేదా ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అమెరికాలో అయితే 911కు ఫోన్ చేయండి. పొడవైన విమాన ప్రయాణం చేసి వచ్చామని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పాలి. అక్కడ ఒక్కరోజు ఆసుపత్రి ఖర్చు కూడా తట్టుకోవడం కష్టం కనక, ప్రయాణ బీమా బెంగళూరులో ఉండగానే తీసుకోండి. బీపీ, షుగర్ ఉన్న సంగతి అందులో దాచకుండా రాయించి, ఆ కాగితం పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి.

నమస్కారం.