జెల్ల గుచ్చుతుంది, కానీ ముళ్ళరెక్కల చేప కాదు!

శాస్త్రవేత్తలు ‘ముళ్ళరెక్కల చేపలు’ అని ఒక పెద్ద కులం కట్టారు. చెయ్యి చీరేసే జెల్ల అందులోది కాదు. రెక్కలో ఒక్క ముల్లూ లేని కొర్రమీను మాత్రం ఆ కులమే! పోయిన వీడియోలో ఈ మాట అన్నందుకు బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా నామీద పడ్డారు. ‘ముల్లే లేందానికి ముళ్ళ కులం ఏటి బాబూ?’ అని. సరే, చేపనే కోసి చూద్దాం.

చిల్కా పండుగప్ప వీపురెక్క లేపండి. ముందు 7 నుంచి 9 గట్టి ముళ్ళు, వెనక 10 లేదా 11 మెత్తని కాడలు. కాడని వెలుతురుకి పట్టుకోండి: అడ్డంగా కణుపులుంటాయి, కొస చీలి ఉంటుంది. అసలు ముల్లుకి కణుపుండదు, చీలికుండదు. జెల్ల ముల్లూ, బంగారుతీగ వీపు మీది రంపపు ముల్లూ కణుపుల కాడే గట్టిపడి అయినవి. ఉత్త వేషం! అన్నట్టు, జెల్ల గుచ్చితే ఐసు పెట్టకండి. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కనీసం అరగంట ఉంచండి. మొన విరిగి లోపలుండిపోతే డాక్టరు దగ్గరికే.

మరి కొర్రమీను? పొట్టకింది రెక్కల జత ఎక్కడుందో చూడండి. రోహుకి, జెల్లకి బాగా వెనక్కి. కొర్రమీనుకి, పండుగప్పకి ముందుకొచ్చి మొప్పల పక్క రెక్కల కిందికి చేరింది. ఇంకోటి: రోహు గాలితిత్తి (నీళ్ళలో తేలడానికి లోపలుండే గాలిసంచి) నుంచి గొంతులోకి సన్నని గొట్టం ఉంటుంది. కొర్రమీనుకి, పండుగప్పకి ఆ దారి మూసుకుపోయింది. గోపాలపూర్ పడవలు లోతులోంచి లాగిన ఎర్రచేపకి పొట్ట నోట్లోంచి బయటికొస్తే కుళ్ళిందని బేరం తెగ్గొడతారే, అదీ ఇందుకే! పైకి లాగేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి గాలి ఉబ్బింది, పోవడానికి గొట్టం లేదు. చేప తాజాదేనమ్మా, మొప్పలు చూసుకోండి.

నా అసలు కోపం పెర్సిఫార్మిస్ మీద, అంటే ఆ ముళ్ళరెక్కల కులంలోని ఒక వర్గం మీద. ఎక్కడా ఇమడని ముళ్ళచేపనల్లా అందులో పడేసి 10,000 జాతుల చెత్తబుట్ట చేశారు. 2013 నాటికి డీఎన్ఏ దాన్ని బద్దలుకొట్టింది. కొర్రమీను అనబాంటిఫార్మిస్‌కి, తిలాపియా సిక్లిఫార్మిస్‌కి పోయాయి. కానాగంతకి పండుగప్ప కన్నా సముద్రపు గుర్రమే దగ్గర చుట్టం! పండుగప్పకేమో నాలిక చేపా, కొమ్ముకోనాం దగ్గర. మొహాలు చూసి ఎవరైనా నమ్ముతారా? అయినా క్లాసులో ఇంకా ముళ్ళే లెక్కపెట్టిస్తున్నారు. నన్నడిగితే మొదటి మార్కు గాలితిత్తికి, రెండోది పొట్టకింది రెక్కకి. ముల్లుకి అర మార్కు చాలు.