వెనక నిలబడినవాళ్ళు
(డెట్రాయిట్ శివారులో ఉగాది సంగీత సాయంకాలం సందర్భంగా చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. పెద్దలందరికీ పేరుపేరునా దండాలు పెడితే నాకిచ్చిన పన్నెండు నిమిషాలూ దానికే చాలవు. అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘సోల్ సంగీతంలో మహాగాయకులు’. సోల్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ పాట. డయానా రాస్ ఎవరో, మార్విన్ గే ఎవరో మీకు నేను చెప్పాలా? వాళ్ళ వెనక నిలబడి బేస్ గిటార్, అంటే మంద్రస్వరాల గిటార్, వాయించిన జేమ్స్ జేమర్సన్ అనే మనిషి గురించి చెబుతాను. కమిటీవారు ఏమీ అనుకోకూడదు. అనుకున్నా ఇప్పుడు మైకు నా చేతిలో ఉంది.

ముందు ఒక ప్రశ్న. వెస్ట్ గ్రాండ్ బౌలవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు చూసినవాళ్ళు చెయ్యెత్తండి. ఇంతేనా? ఇండియా నుంచి ఏ చుట్టమొచ్చినా నయాగరా దాకా తీసుకెళ్తాం కదండీ, మన ఊళ్ళోనే ఉన్న ఈ మ్యూజియానికి పోలేమా?

ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు చేసి, 1959లో బెర్రీ గోర్డీ పెట్టిన పాటల రికార్డుల కంపెనీ మోటౌన్. దాని మొదటి స్టూడియో ఆ ఇల్లే. అంతకుముందు ఆయన లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేశాడు. ఈ హాల్లో సగం మంది కార్ల కంపెనీల అన్నం తిన్నవాళ్ళమే, మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పద్ధతే పాటల్లో పెట్టాడు. రాసేవాళ్ళు వేరు, స్టెప్పులు నేర్పేవాళ్ళు వేరు. నలుగురిలో ఎలా నడవాలో, ఎలా కూర్చోవాలో నేర్పడానికి మ్యాక్సీన్ పావెల్ అని ఒకావిడ.

ఇంతమందీ ఆధారపడింది మాత్రం ఒక్క గది మీద. పైనుంచి వైర్లు వేలాడుతుంటాయని వాద్యకారులు దానికి పాముల గుంట అని పేరు పెట్టుకున్నారు. పగలు అక్కడ పాప్ పాటలు, రాత్రి క్లబ్బుల్లో జాజ్. వాళ్ళలో చాలామంది అసలుకి జాజ్ మనుషులే. తమని తాము ఫంక్ బ్రదర్స్ అనుకునేవారు.

వాళ్ళలో జేమ్స్ జేమర్సన్ ఒకడు. 1936లో సౌత్ కరోలినాలో పుట్టాడు, 1954లో డెట్రాయిట్ వచ్చాడు. మొదట నిలువెత్తు జాజ్ బేస్, తర్వాత ఫెండర్ కంపెనీవారి 1962 నాటి బేస్ గిటార్. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. చాలాసార్లు ఆయన ముందు పెట్టింది కార్డ్స్, అంటే కలిపి పలికే స్వరాల గుర్తులు, రాసిన కాగితమే. స్వరాలు ఆయనవే. అంతకుముందు పాప్ పాటలో బేస్ అంటే చాలావరకు తాళానికి ఆసరా, అంతే. ఈయన దాన్ని పాట కింద మరో పాట చేశాడు.

మరి పేరు? రికార్డు అట్ట మీద లేదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? కచేరీలో మృదంగం తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచే జాతి మనది! పోయినేడు మన కార్యక్రమం ఫ్లయరే చూడండి. గాయని ఫొటో, స్పాన్సర్ ఫొటో, స్పాన్సర్ గారి శ్రీమతి ఫొటో. తబలా అబ్బాయి మంచులో నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. ‘అండ్ ఆర్కెస్ట్రా’ అని వేశారు. అడిగితే చోటు లేదన్నారు. సమోసాల స్టాలుకి చోటుంది! నవ్వకండి, నాకింకా కడుపుమంటగానే ఉంది.

సరే, జేమర్సన్ దగ్గరికొద్దాం. ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పాటకి ఆయనే కావాలని మార్విన్ గే క్లబ్బుల్లో వెతికి పట్టుకొచ్చాడని చెబుతారు. తాగి ఉన్నాడట, స్టూలు మీద కూర్చోలేకపోయాడట. నేలమీద పడుకుని వాయించాడట. ఆ పాటున్న ఆల్బమ్ 1971లో వచ్చింది. మోటౌన్ ఆల్బమ్ మీద ఈ వాద్యకారుల పేర్లు అచ్చుకావడం అదే మొదలు. కంపెనీ పెట్టి పన్నెండేళ్ళయ్యాక!

మరుసటేడే మోటౌన్ లాస్ ఏంజిలెస్‌కి తరలిపోయింది. చాలామంది ఇక్కడే మిగిలిపోయారు. జేమర్సన్ వెళ్ళాడు. అక్కడ పని తగ్గింది, తాగుడు పెరిగింది. 1983 మార్చిలో పాసడీనాలో మోటౌన్ పాతికేళ్ళ పండుగ చేశారు. మైకేల్ జాక్సన్ మూన్‌వాక్ చేసింది ఆ వేదిక మీదే. జేమర్సన్‌కి పిలుపు లేదు. బ్లాకులో టికెట్టు కొనుక్కుని వెనక ఎక్కడో కూర్చున్నాడు. అయ్యా, అమ్మా, వింటున్నారా? ఆ సంస్థ పాటలకి ఏళ్ళతరబడి బేస్ వాయించిన మనిషి, ఆ సంస్థ పండగకి, బ్లాకులో టికెట్టు! ఆ ఆగస్టు 2న పోయాడు. 47 ఏళ్ళు. పోవడానికి కొద్ది రోజుల ముందు ఆ ఫెండర్ గిటార్ని కూడా ఎవరో దొంగిలించారు. సంగీతకారులకి గౌరవంగా ఇచ్చే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి జేమర్సన్‌ని 2000లో తీసుకున్నారు.

కూలి ఇచ్చారుగా, ఇంకేం కావాలి అంటారు కొందరు. నిజమే, కూలి ఇచ్చారు. పాట ఎన్నిసార్లు మోగినా రాసినవాళ్ళకి డబ్బు వస్తుంది, బేస్ లైన్ కట్టినవాడికి రాదు. గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1969లో వాయించిన కొన్ని సెకన్ల దరువుని తర్వాత వందలాది ర్యాప్ పాటల్లో వాడుకున్నారు. పాటలో ఆయనకి రచయిత హక్కు లేదు. క్యాన్సరొస్తే ఆసుపత్రి బిల్లులు కట్టింది గాయకుడు ప్రిన్స్. ఒక కళాకారుడి దయ మీద ఆధారపడాల్సి రావడం న్యాయమేనా?

చీటీ వచ్చింది, చూశాను. మహాగాయకుల గురించి వచ్చే ఏడు ఇంకెవరైనా చెబుతారు. కమిటీకి ఒక్క మనవి: ఈసారి ఫ్లయర్‌లో తబలా, కీబోర్డు, వయొలిన్ వాళ్ళ పేర్లు ఇంటిపేర్లతో సహా వేయండి. చోటు చాలకపోతే నా ఫొటో తీసేయండి.

ఇప్పుడు ఒక పాట వేయిస్తాను. స్టీవీ వండర్, ‘ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్’. గాయకుణ్ణి కాసేపు వదిలేయండి, ఆయనేమీ అనుకోడు. కింద నడిచే బేస్‌ని పట్టుకోండి. ఒకచోట వాయించింది ఇంకోచోట అలాగే వాయించడు. సౌండ్ దగ్గరున్న బాబూ, పెట్టు. ఆ బేస్ ఇంకాస్త పెంచు.