పైన దూప, కింద మునక

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ వర్ధన్నపేట వైపు నుంచి. చెప్పండి అన్నా.

రైతు: నమస్తే సార్. గుట్ట కింద ఐదెకరాలుంది, అంతా పత్తే వేసిన. పైన రెండెకరాలు వాడిపోయింది. కింద కుంట పక్కన ఎకరంలో నీళ్లు నిలిచి చెట్లు ఎర్రబడ్డయి. ఏ మందు కొట్టాలె?

శాస్త్రవేత్త: కింద ముందు చిన్న కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి. తర్వాత 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్ ఎరువు, లీటరు నీటికి 10 గ్రాములు కలిపి పిచికారీ చేయండి. పైదానికి మాత్రం షాపులో మందు లేదు. అక్కడ గడ్డపార ఎంత లోతు దిగుతుంది?

రైతు: జానెడు. తర్వాత ఠంగుమంటది, మొరం.

శాస్త్రవేత్త: కింద?

రైతు: నడుములోతు తవ్వినా నల్లమట్టే.

శాస్త్రవేత్త: మరి రెండుచోట్లా ఒకే విత్తనం ఎట్లా వేశారు? జానెడు మట్టిలో పత్తి పది రోజులు వాన లేకుంటే ఏం తాగి బతుకుతుంది? మన దగ్గర ఏడాదికి 900 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడుతుంది, తక్కువేం కాదు. కానీ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే, అదీ కొన్ని పెద్ద వానల్లోనే. సాళ్లు ఎటు కొట్టారు?

రైతు: గుట్ట మీంచి కిందికి. ట్రాక్టర్‌కు అట్లనే అల్కగ ఉంటది.

శాస్త్రవేత్త: అవి సాళ్లు కావన్నా, కాలువలు. మీ మట్టి ఇప్పుడు కుంటలో ఉంది.

వచ్చే ఏడాది గుట్ట అంచును దున్నకండి. సీతాఫలం, పశువులకు గడ్డి పెట్టండి. ఆ మొరంలో సీతాఫలం చూసేవాళ్లు లేకున్నా బతుకుతుంది. నడుమ చెల్కలో వాలుకు అడ్డంగా సాళ్లు తీసి కంది, పెసర కలిపి వేయండి. కింద నీళ్లు నిలిచే ఎకరంలో వరి. పత్తి మానమని చెప్పడం లేదు, నల్లమట్టి లోతుండి నీళ్లు నిలవని చోట వేసుకోండి. పాకాల చెరువు చూశారు కదా, కాకతీయులు గుట్టల సందు చూసి కట్ట పోశారు. పైన అడవి, కింద పొలం. ఎక్కడ ఏది ఉండాలో నీళ్లే చెప్తాయి.

రైతు: గుట్ట దగ్గర బోరు వేద్దామనుకుంటున్న సార్.

శాస్త్రవేత్త: ఆగండి. మనది గట్టి రాయి నేల. నీళ్లుండేది మెత్తబడ్డ పొరలో, రాతి పగుళ్లలో. మీకు పైన ఆ పొరే పలచన. అప్పు చేసి రాయిని తొలవకండి.

రైతు: ఇంకొకటి సార్. నా పైన మా అన్న చెల్క ఉంది. ఆయన కూడా కిందికే దున్నుతడు. నేను అడ్డం సాళ్లు తీసినా ఆయన నీళ్లొచ్చి తెంపుతయి. మాకు మాటల్లేవు.

శాస్త్రవేత్త: (నవ్వుతూ) వాలు చూడటానికి నీళ్లు నింపిన ప్లాస్టిక్ పైపు చాలు. రెండు కొసల్లో నీళ్లు సమంగా ఉన్న చోట్లను కలుపుతూ గట్టు గీత గీసుకోవాలి. అయితే రెండో కొస పట్టుకోవడానికి ఇంకొక మనిషి కావాలె.

రైతు: ...అన్నను పిలవమంటరా?

శాస్త్రవేత్త: గీత ఆయన చెల్క నుంచే మొదలవుతుంది కదా.

వ్యాఖ్యాత: అన్నా, లైన్‌లో ఉన్నారా? ...పెట్టేసినట్టున్నారు. తర్వాతి ఫోన్ పరకాల నుంచి.